మెచ్చుకోవడానికి ముప్ఫై ఏళ్లు ఎందుకు పట్టింది?

అక్షరవేట

1968 మార్చి 16న వియత్నాంలోని మై లై అనే పల్లెలో అమెరికా సైనికులు ఆయుధాలు లేని ఊరివాళ్లను వందల్లో చంపేశారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. హెలికాప్టర్‌లోంచి అది చూసిన హ్యూ థాంప్సన్ అనే పైలట్, తరుముతున్న సైనికులకూ పారిపోతున్న ఊరివాళ్లకూ మధ్యలో హెలికాప్టర్ దించాడు. మనవాళ్లే గనక వీళ్లమీద కాల్పులు మొదలుపెడితే మనవాళ్లమీదే కాల్చండని తన ఇద్దరు సహచరులకూ చెప్పాడు. తను దిగి వెళ్లి, బంకర్‌లో దాక్కున్నవాళ్లను బయటికి పిలిచి, ఇంకో హెలికాప్టర్ రప్పించి వాళ్లను అక్కణ్ణుంచి పంపించాడు. ఆ తర్వాత పై అధికారులకు ఫిర్యాదు చేశాడు.

అదే రోజు అదే ఊళ్లో ఒక ప్లటూన్‌ను నడిపించిన లెఫ్టినెంట్ విలియం కేలీ మీద 1971లో 22 హత్యలు రుజువై యావజ్జీవ శిక్ష పడింది. తీర్పు వచ్చాక అమెరికాలో చాలామంది జనం నిలబడింది కేలీ పక్షాన. ఆయన్ని వదిలెయ్యమని వైట్‌హౌస్‌కు టెలిగ్రాములు వెల్లువెత్తాయి. శిక్షలో ఎక్కువ భాగం ఆయన గృహనిర్బంధంలోనే గడిపి 1974లో బయటపడ్డాడు. థాంప్సన్‌కేమో చంపేస్తామని బెదిరింపులు. ఈ వ్యవహారంలో శిక్షించాల్సినవాడంటూ ఉంటే థాంప్సనేనని ఒక కాంగ్రెస్ సభ్యుడు అన్నాడు.

సైన్యం ఆయనకు అప్పట్లోనే ఒక పతకం ఇచ్చింది. కానీ ప్రశంసాపత్రంలో ఆయన హోరాహోరీ ఎదురుకాల్పుల మధ్య జనాన్ని కాపాడినట్టు రాసింది. అక్కడ ఎదురుకాల్పులే లేవు, కాల్చింది ఒక్క పక్షమే. ఆయన ఆ పతకాన్ని పారేశాడు. ఉన్నది ఉన్నట్టు రాసి సోల్జర్స్ మెడల్ ఇచ్చింది 1998లో.

ఎవరిని మెచ్చుకుంటుందో చూస్తే ఆ సమాజం ఎలాంటిదో తెలుస్తుందని అంటారు. నాకైతే మెచ్చుకోవడానికి ఎన్నేళ్లు తీసుకుందో కూడా చూడాలనిపిస్తుంది. ఆ ముప్ఫై ఏళ్లలో థాంప్సన్ చేసిన పని మారలేదు. చూసేవాళ్లు మారారు. ఏం మారితే ఆయన హీరో అయ్యాడు? మీరంతా ఏమంటారో చూద్దామని ఇది మొదలుపెడుతున్నాను.

పాత పత్రిక

నా లెక్కలో ఇదంతా ఎవరు మన కళ్లముందు ఎక్కువగా కనబడతారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. జర్మనీ నుంచి అమెరికాకు వలసవెళ్లిన సామాజికశాస్త్రవేత్త లియో లొవెంథాల్ 1944లో ఒక పరిశీలన ప్రచురించాడు. అమెరికాలో బాగా చదివే రెండు పత్రికల్లో 1901 నుంచి 1941 వరకు వచ్చిన ప్రముఖుల జీవితకథలు ముందేసుకుని, అవి ఎవరివో విడదీసి చూశాడు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు రాజకీయ నాయకులు, పరిశ్రమలు పెట్టినవాళ్లు, వృత్తుల్లో పైకొచ్చినవాళ్లు ఎక్కువ. కళాకారులున్నా ఎక్కువగా సాహిత్యం, సంగీతం లాంటి గంభీరమైన కళలవాళ్లే. 1940 వచ్చేసరికి సగానికి పైగా వినోద రంగం, ఆటలవాళ్లు.

నన్ను పట్టుకున్నది ఆ అంకెల కన్నా ఆయన చూసిన ఇంకో మార్పు. పాత కథల్లో ఫలానా మనిషి ఏం చేసి ఆ స్థాయికి వచ్చాడో రాసేవాళ్లు. కొత్త కథల్లో ఆయనకేం ఇష్టం, తీరిక దొరికితే ఏం చేస్తాడు, ఎలా ముస్తాబవుతాడు అన్నవి రాశారు. మొదటి రకం చదివితే నేనూ అలా చేస్తే అక్కడిదాకా వెళ్లొచ్చనిపిస్తుంది. రెండో రకం చదివితే ఆయన వాడేదేదో కొనుక్కోవచ్చనిపిస్తుంది, అంతే. ఇవాళ ఫోన్ తెరిస్తే మనకు ఎదురయ్యేది రెండో రకమే. థాంప్సన్ లాంటివాళ్ల కథ అందులో ఎక్కడ పడుతుంది?

మైదానం

పాత పత్రిక గారూ, ఆటలవాళ్లను మెచ్చుకోవడాన్ని పతనం కింద జమకట్టొద్దు. ఇది నేను ఎప్పుడూ ఒప్పుకోను. వంద మీటర్ల పరుగులో ఎవరు గెలిచారో చెప్పడానికి చదువు అక్కర్లేదు, సిఫారసు అక్కర్లేదు. మిగతా రంగాల్లో ఒకడు నిజంగా గొప్పవాడో కాదో మామూలు మనిషి తేల్చుకోవడం కష్టం, వేరేవాళ్ల మాట నమ్మాలి. ఇక్కడ తన కళ్లతో చూసి మెచ్చుకుంటాడు. అది తెలివితక్కువ పనేమీ కాదు. న్యాయంగా జరిగే పోటీ ఒకటైనా ఉండాలన్న ఆశ అందులో ఉంది.

అయితే జెస్సీ ఓవెన్స్ సంగతి మాత్రం నన్నూ ఆలోచింపజేస్తుంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో, హిట్లర్ రాజధానిలో, ఒక నల్లజాతి అమెరికన్ నాలుగు బంగారు పతకాలు గెలిచాడు. న్యూయార్క్ వీధుల్లో ఆయనకు ఊరేగింపు చేశారు. ఆయన గౌరవార్థం పెట్టిన విందుకు వెళ్తే హోటల్లో అందరూ ఎక్కే లిఫ్ట్ ఎక్కనివ్వలేదు, సరుకులు మోసే లిఫ్ట్‌లో పైకి పంపారు. అధ్యక్షుడు రూజ్వెల్ట్ వైట్‌హౌస్‌కు పిలవలేదు. తర్వాత బతుకుతెరువు కోసం గుర్రాలతో పోటీపడి పరిగెత్తాల్సి వచ్చింది. దేశపు అత్యున్నత పౌర పురస్కారం 1976లో ఇచ్చారు, అంటే నలభై ఏళ్లకు.

చప్పట్లు కొట్టినవాళ్లు అబద్ధంగా కొట్టలేదు. ఆయన వేగాన్ని నిజంగానే మెచ్చుకున్నారు. పక్కన కూర్చోబెట్టుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. మెచ్చుకోవడం వేరు, సాటిమనిషిగా చూడడం వేరు అని నాకు ఓవెన్స్ వల్లే అర్థమైంది.

లెక్కల మాస్టారు

ఆపద జరిగాక కాపాడినవాణ్ణి మెచ్చుకుంటాం. ఆపదే రాకుండా చేసినవాణ్ణి మెచ్చుకోం, ఎందుకంటే చూడ్డానికి ఏమీ ఉండదు. 1983 సెప్టెంబర్ 26న సోవియట్ సైన్యంలో స్తానిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి క్షిపణుల హెచ్చరిక కేంద్రంలో డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి క్షిపణి బయల్దేరిందని ఉపగ్రహ వ్యవస్థ చెప్పింది. తర్వాత ఇంకో నాలుగన్నది. నిజంగా దాడి చేసేవాళ్లు ఐదే పంపరు కదా అని ఆలోచించి, ఇది తప్పుడు హెచ్చరిక అని పైకి చెప్పాడు. ఎత్తైన మేఘాల మీద పడ్డ ఎండను యంత్రం క్షిపణి మంట అనుకుందని తర్వాత తేలింది. ఆయనకు దక్కింది మందలింపు, ఆ హడావుడిలో లాగ్ పుస్తకం నింపలేదని. ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది 1990ల్లో.

దీనికి పక్కన ఫ్రాన్సెస్ కెల్సీని పెట్టి చూడండి. 1960లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలో కొత్తగా చేరిన డాక్టర్. అప్పటికే చాలా దేశాల్లో అమ్ముతున్న థాలిడోమైడ్ అనే మందుకు అనుమతి ఇమ్మని కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా, ఇంకా ఆధారాలు కావాలని ఆపుతూ వచ్చింది. 1961 చివరికి ఆ మందు వాడిన గర్భిణులకు కాళ్లూ చేతులూ సరిగా ఎదగని పిల్లలు పుడుతున్నారని బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా అలాంటి పిల్లలు పదివేలకు పైనే. 1962లోనే కెనెడీ ఆమెకు పురస్కారం ఇచ్చాడు.

ఆమెను అంత త్వరగా ఎందుకు గుర్తించారు? ఆపకపోతే ఏం జరిగేదో వేరే దేశాల్లో కళ్లముందే కనబడింది కాబట్టి. పెత్రోవ్‌కు అలా చూపించే రెండో ప్రపంచం లేదు. అంచేత అక్షరవేట గారూ, మీరడిగిన ఆలస్యానికి నా జవాబు ఇదీ. పోల్చి చూసుకోవడానికి ఏదైనా ఉంటే త్వరగా మెచ్చుకుంటారు, లేకపోతే లేదు.

చరిత్ర పిచ్చి

మాస్టారూ, మీ సూత్రం సెమ్మెల్‌వైస్ దగ్గర నిలబడదు.

వియన్నా ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. ఒకదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుళ్లు పోసేవాళ్లు, రెండోదాంట్లో మంత్రసానులు. డాక్టర్ల విభాగంలో బాలింత జ్వరంతో చనిపోయేవాళ్లు చాలా ఎక్కువ. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు పురుళ్లు పోస్తున్నారు కాబట్టి ఆ చేతులే జబ్బు మోస్తున్నాయని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ కనిపెట్టి, 1847లో క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోవాలని పట్టుబట్టాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్ కల్లా 2 శాతం దగ్గరికి పడిపోయాయి. ఇంతకన్నా పోల్చి చూసుకోవడానికి ఏం కావాలి? అయినా తోటి డాక్టర్లలో చాలామంది ఒప్పుకోలేదు. 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు.

ఆయన మాట నిజమైతే ఇన్నాళ్లూ ఆ తల్లులను చంపింది తమ చేతులేనని డాక్టర్లు ఒప్పుకోవాలి. అక్కడ అడ్డుపడింది అది. థాంప్సన్ విషయంలోనూ అంతే. ఆయన గొప్పవాడంటే మా పిల్లలు చేసింది హత్య అని ఒప్పుకున్నట్టే. ఓవెన్స్‌ను సమానంగా కూర్చోబెట్టుకుంటే మొత్తం వర్ణవివక్షే తప్పని తేలుతుంది. పెత్రోవ్‌ను పొగిడితే తాము కట్టిన వ్యవస్థ పనికిరాదని సైన్యం చెప్పుకోవాలి. కెల్సీని పొగడడానికి అమెరికా తన గురించి చెడ్డమాట ఒక్కటీ చెప్పుకోనక్కర్లేకపోయింది, అందుకే ఆ త్వర.

ఒక మనిషిని మెచ్చుకోవాలంటే మన తప్పు ముందు ఒప్పుకోవాల్సి వస్తే, ఆ మెచ్చుకోలు ఆలస్యమవుతుంది. ఒప్పుకోవాల్సినవాళ్లు పదవుల్లోంచి దిగిపోయేదాకా, కొన్నిసార్లు పోయేదాకా ఆగుతుంది.

అక్షరవేట

చరిత్ర పిచ్చి గారూ, నేను వెతుకుతున్నది ఇదే. పైగా దీంతో పెద్ద హీరోలైనవాళ్ల సంగతి కూడా కొంత తెలుస్తుంది. మనల్ని ఏమీ ఒప్పుకోమని అడగనివాళ్లు త్వరగా అందరికీ హీరోలవుతారు.

రాత్రి డ్యూటీ

నేను నర్సును. నేనూ కొన్నాళ్లు హీరోనయ్యాను కాబట్టి రాస్తున్నాను.

2020లో ఎన్నో దేశాల్లో జనం గుమ్మాల్లోకీ బాల్కనీల్లోకీ వచ్చి మాకోసం చప్పట్లు కొట్టారు. బ్రిటన్‌లో మార్చి చివరి నుంచి పది వారాలపాటు ప్రతి గురువారం రాత్రి కొట్టారు. చివరికి దాన్ని మొదలుపెట్టినావిడే ఇక ఆపేద్దాం, ఇది రాజకీయమైపోతోంది అంది. అక్కడి డాక్టర్లు, నర్సులు కొందరు చప్పట్లు వద్దు, రక్షణ సామగ్రి ఇవ్వండని ముందునుంచీ అంటూనే ఉన్నారు.

నేను పనిచేసే చోట గేటు పక్కన మా యోధులకు వందనం అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. లోపల మాకు మార్చుకోవడానికి సరిపడా మాస్కులు లేవు. షిఫ్ట్ అయిపోయినా రిలీవర్ వచ్చేవారు కాదు. అడిగితే, మీరే ఇలా అంటే ఎలా సిస్టర్, మీరు యోధులు కదా అన్నారు. ఆ ఒక్క మాటతో నా నోరు మూయించారు. యోధుడంటే ప్రాణానికి తెగించినవాడు, తెగించినవాడు మాస్కులు అడగడు. మామూలు ఉద్యోగినైతే అడగొచ్చు.

మమ్మల్ని మెచ్చుకున్న జనం మీద నాకు కోపం లేదు. ఆ చప్పట్లు విని ఏడ్చిన రాత్రులున్నాయి. కానీ ఒక పనిని త్యాగం అని పిలవడం మొదలుపెట్టగానే, ఆ పని త్యాగం లేకుండా జరిగేలా చూడాల్సినవాళ్ల బాధ్యత మాయమైపోతుంది. ఏ సమాజంలోనైనా ఫలానా ఉద్యోగంవాళ్లంతా హీరోలని చెప్తుంటే, అక్కడ వాళ్లకు ఏం అందడం లేదో ముందు చూడండి.

మైదానం

సిస్టర్, మీ చివరి వాక్యం నేను దాచుకుంటున్నాను.

చరిత్ర పిచ్చి

రాత్రి డ్యూటీ గారు చెప్పినదానికి సోవియట్ చరిత్రలో సరిగ్గా సరిపోయే మనిషున్నాడు. అలెక్సీ స్తహానోవ్. 1935 ఆగస్టు 30 రాత్రి మొదలైన ఒకే షిఫ్ట్‌లో 102 టన్నుల బొగ్గు తవ్వాడని ప్రకటించారు, కోటాకు 14 రెట్లు. నిజానికి ఆయన పక్కన సొరంగానికి ఊతాలు నిలబెట్టే పని వేరేవాళ్లు చేశారు. లెక్కంతా ఆయన ఖాతాలో పడింది. దేశమంతా ఆయన ఫొటోలు పెట్టారు, తర్వాత మిగతా కార్మికుల కోటాలు పెంచారు. నువ్వెందుకు చేయలేవని అడగడానికి ఒక హీరోను తయారుచేశారన్నమాట.

పావ్లిక్ మొరోజోవ్ సంగతి ఇంకా ఘోరం. 1932లో హత్యకు గురైన ఆ పిల్లవాడు సొంత తండ్రినే ప్రభుత్వానికి పట్టించాడని చెప్పి, తరాల తరబడి బడిపిల్లలకు ఆదర్శంగా చూపించారు, విగ్రహాలు పెట్టారు. అసలు కథ అలా జరిగిందా అని తర్వాతి చరిత్రకారులకు గట్టి అనుమానాలున్నాయి. జరిగినా జరగకపోయినా, ఆ కథను ఎంచుకున్నవాళ్లకు ఎలాంటి పిల్లలు కావాలో స్పష్టంగా తెలుస్తోంది.

విగ్రహం చూసినప్పుడు కింద ఉన్న పుట్టిన, పోయిన సంవత్సరాలతో ఆగిపోకూడదు. దాన్ని ఎప్పుడు నిలబెట్టారో చూడాలి. బ్రిస్టల్‌లో ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని 2020 జూన్‌లో జనం పడగొట్టి రేవులోకి తోసేశారు. బానిసల వ్యాపారంలో సంపాదించిన ఆయన చనిపోయింది 1721లో, విగ్రహం పెట్టింది 1895లో. బ్రిటన్ తన సామ్రాజ్యంలో బానిసత్వాన్ని చట్టంతో రద్దు చేసి అప్పటికే అరవై ఏళ్లయింది. అంటే అది చెడ్డపని అని తెలిసిన రోజుల్లోనే, ఊరికి దానధర్మాలు చేసిన మహానుభావుడిగా ఆయన్ని నిలబెట్టారు. ఆ విగ్రహం 1895 నాటి పెద్దమనుషుల గురించే చెబుతుంది.

వెన్నెల

అందరూ రాసింది చదివాను. నాకు కొంచెం బాధగా ఉంది. ఇలా ప్రతి హీరో వెనకా ఎవరి స్వార్థం ఉందో వెతుకుతూ పోతే, చివరికి ఎవరినీ మనసారా మెచ్చుకోలేని స్థితికి వస్తాం. పిల్లలకు ఒక మనిషిని చూపించి ఇలా ఉండమని చెప్పాలి కదా. అనుమానించడం నేర్పితే చాలదు.

లండన్‌లో పోస్ట్‌మాన్స్ పార్క్ అని చిన్న తోట ఉంది. చిత్రకారుడు జి.ఎఫ్. వాట్స్ పట్టుబట్టగా 1900లో అక్కడ ఒక గోడ కట్టారు. వేరేవాళ్లను కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న మామూలు మనుషుల పేర్లు పలకల మీద రాశారు. అందులో ఆలిస్ అయర్స్ పేరుంది. అక్క ఇంట్లో పని చేసిపెడుతూ ఉండేది. 1885లో ఇల్లంటుకుంటే ముగ్గురు పిల్లల్ని ఒక్కొక్కరినీ కిటికీలోంచి కిందికి చేర్చి, తను దూకబోయి పడి, ఆ దెబ్బలతో చనిపోయింది. రాజులకూ సేనాపతులకూ విగ్రహాలు పెట్టే రోజుల్లో ఒక పనిమనిషి పేరు గోడ మీదికి ఎక్కింది. అరవై ఏళ్ల ముందు, 1840లో, థామస్ కార్లైల్ అనే రచయిత అదే నగరంలో వీరులంటే ఎవరని వరసగా ఉపన్యాసాలిచ్చాడు. దేవుళ్లు, ప్రవక్తలు, కవులు, మతగురువులు, రచయితలు, రాజులు. ఒక్క ఆడమనిషి లేదు. అక్కణ్ణుంచి ఆలిస్ అయర్స్ దాకా రావడం చిన్న విషయమా? దీన్ని కూడా అనుమానించాలా?

రాత్రి డ్యూటీ

వెన్నెల గారూ, ఆలిస్‌ను నేనూ మెచ్చుకుంటాను, అందులో అనుమానమేమీ లేదు. ఒక్కటే అడుగుతాను. ఆ గోడ మీదికి ఎక్కాలంటే చనిపోవాలి. బతికుంటే ఆమె జీతం అడిగేది, సెలవు అడిగేది, కొన్నిసార్లు ఎదురు మాట్లాడేది. అప్పుడు ఆమె పేరు ఎవరైనా రాసేవాళ్లా? బతికున్నవాళ్లను మెచ్చుకోవడం కష్టం, వాళ్లు తిరిగి ఏదైనా అడుగుతారు.

లెక్కల మాస్టారు

దీని మీద ఒక వివరం. అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ 1904లో హీరోల నిధి పెట్టాడు. ఆ ఏడాది జనవరిలో పిట్స్‌బర్గ్ దగ్గర బొగ్గుగనిలో పేలుడు జరిగితే, లోపలున్నవాళ్లను కాపాడబోయి ఇద్దరు చనిపోయారు. అది చూసి పెట్టాడు. దాంట్లో పతకం పొందాలంటే చనిపోనక్కర్లేదు, బతికున్నవాళ్లకూ ఇస్తారు. పోయినవాళ్ల కుటుంబాలకు ఆర్థికసాయం కూడా చేస్తారు. మీరు చెప్పిన లోటును అది కొంత పూడుస్తుంది.

కానీ అందులో ఒక నియమం ఉంది. ప్రాణాలు కాపాడడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు, అంటే అగ్నిమాపక సిబ్బంది లాంటివాళ్లు, తమ విధికి మించి ఏదైనా చేస్తే తప్ప అర్హులు కారు. మొదట్లో నాకది అన్యాయంగా తోచింది. ఇప్పుడు అందులో మర్యాద కనబడుతోంది. వాళ్లకు జీతం, శిక్షణ, సామగ్రి ఇచ్చి పని చేయించుకోవాలి, పతకంతో సరిపెట్టకూడదు అని దాన్ని చదువుకుంటున్నాను.

అలాగే సెమ్మెల్‌వైస్ కథ చూసి సమాజం శాస్త్రవేత్తలను మెచ్చుకోదనుకుంటే అదీ పూర్తిగా నిజం కాదు. 1955 ఏప్రిల్‌లో జోనాస్ సాల్క్ తయారుచేసిన పోలియో టీకా పనిచేస్తుందని ప్రకటన వచ్చినప్పుడు అమెరికాలో చర్చి గంటలు మోగించారు. ప్రతి వేసవిలో పిల్లల కాళ్లు పడిపోతాయేమోనని వణికిన తల్లిదండ్రులు వాళ్లు. జనం దేనికి భయపడుతున్నారో తెలిస్తే, రేపు ఎవరిని భుజాలకెత్తుకుంటారో చాలావరకు చెప్పొచ్చు.

పాత పత్రిక

మాస్టారూ, ఆ భయం పోయాక ఏమవుతుందో కూడా చూస్తున్నాం. పోలియోను చూసిన తరం వెళ్లిపోయాక టీకాలను అనుమానించేవాళ్లు పెరిగారు. సాల్క్ పని ఎంత బాగా ఫలించిందో, ఆయన అవసరం అంతగా మరుగున పడింది.

వెన్నెల

అయితే నా ప్రశ్న అలాగే ఉంది. ఇవాళ మనం తిడుతున్నవాళ్లలో థాంప్సన్ లాంటివాళ్లు ఎవరున్నారో ఇప్పుడే ఎలా గుర్తుపట్టాలి? ముప్ఫై ఏళ్లు ఆగాలా?

చరిత్ర పిచ్చి

తిట్లు తినడమే గుర్తు అనుకుంటే మోసపోతాం. జనం తిట్టినవాళ్లలో నిజంగా తప్పు చేసినవాళ్లే ఎక్కువ, తనను తాను సెమ్మెల్‌వైస్‌తో పోల్చుకునే దొంగవైద్యులూ ఉంటారు. నేను చూసేవి ఇవి. అతను చెప్పినదాన్ని వేరేవాళ్లు సరిచూసే వీలుందా? సెమ్మెల్‌వైస్ మరణాల పట్టికలు ముందు పెట్టాడు, దొంగవైద్యుడు పెట్టడు. ఆ పని వల్ల అతనికి కలిసొచ్చిందా, నష్టం వచ్చిందా? అతను కాపాడినవాళ్లు అతనికి తిరిగి ఏదైనా ఇవ్వగలవాళ్లా? ఇక కష్టమైనది, అతని మాట వింటుంటే నాకు కోపం వచ్చింది మాట తప్పయినందుకా, లేక దాన్ని ఒప్పుకుంటే నేను ఏదైనా వదులుకోవాలనా? ఈ చివరిదానికి నిజాయితీగా జవాబు చెప్పుకోవడం ఒక్కడివల్ల కాదు, పక్కన ఎవరైనా అడిగేవాళ్లుండాలి.

అక్షరవేట

వెన్నెల గారికి పిల్లలకు చెప్పుకోవడానికి ఒక పేరు ఇస్తాను. అలీ మావ్ మాలిన్. సోమాలియాలోని మెర్కా ఆసుపత్రిలో వంటవాడు. 1977లో సహజంగా మశూచి సోకిన ఆఖరి మనిషి ఆయనే. ఆసుపత్రిలో పనిచేస్తూ కూడా సూదికి భయపడి టీకా వేయించుకోలేదు. కోలుకున్నాడు. 1980లో మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. తర్వాత ఏళ్లకు ఆయన పోలియో చుక్కల ప్రచారంలో చేరి, వద్దనే తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి తన కథే చెప్పి ఒప్పించేవాడు. 2013లో ఆ పనిలో ఉండగానే మలేరియాతో చనిపోయాడు.

ఆయన వెనక పేర్లు తెలియని టీకా కార్యకర్తలు ఎన్నో దేశాల్లో వేలమంది. 20వ శతాబ్దంలోనే దాదాపు 30 కోట్లమందిని చంపిన జబ్బును వాళ్లు ఇల్లిల్లూ తిరిగి లేకుండా చేశారు.

రాత్రి డ్యూటీ

ఈయన గురించి నాకు తెలియదు అక్షరవేట గారూ. టీకా వద్దని గొడవపడే తల్లులు నా డ్యూటీలో తరచూ ఎదురవుతారు. మేం తెలిసినవాళ్లలా మాట్లాడతాం, వాళ్లు మూర్ఖుల్లా నిలబడాల్సి వస్తుంది, అక్కడే మాట తెగిపోతుంది. మాలిన్ వాళ్లలా భయపడినవాడు. ఈసారి ఆయన సంగతితో మొదలుపెడతాను.